పాము కాళ్ళు, చేప చేతులు

“పాము కాళ్ళు పాముకెరుక” అని మనకొక సామెత ఉన్నది. ఎవరి గుట్టు వారికే తెలుసునన్న అర్థంలో వాడుతాము. సామెత పుట్టించినవారు పామును తిరగవేసి చూచినారో లేదో గాని, మాట మాత్రం పొల్లు పోలేదు. అమరకోశం పాముకు చెప్పిన పర్యాయపదాలలో ‘గూఢపాత్’ అన్నది ఒకటి. గూఢమైన, అనగా దాగియున్న పాదములు గలదని అర్థం. అదే పామును మనం ‘ఉరగము’ అంటాము, రొమ్ముతో పోవునది కనుక. ‘పన్నగము’ అని కూడా అంటాము, పాదములతో పోనిది కనుక. ఒక పేరు కాళ్ళు లేవంటున్నది, మరొక పేరు కాళ్ళున్నవి గాని దాచుకున్నదంటున్నది. వ్యాకరణరీత్యా రెండూ సాధువులే. జంతువు రీత్యా ఏది సాధువు?

ఏన్కూరు ప్రాంతంలో తెలుగు పండితునిగా పనిచేసిన రోజులలో పర్యాయపదాలు చెబుతూ ‘గూఢపాత్’ దగ్గర ఆగినాను. అడవి అంచున ఉన్న కోయగూడెం నుండి వచ్చే ఒక పిల్లవాడు లేచి, “ఉంటయి సార్! కొండచిలువకు తోకకాడ రెండు గోర్లుంటయి, మా తాత చూపిచ్చిండు” అన్నాడు. తరగతి అంతా నవ్వినది. నేను ఆ సాయంత్రం మా బడి సైన్సు మాస్టారును అడిగినాను. పిల్లవాడు చెప్పినది అక్షరాలా నిజమని ఆయన చెప్పినారు. కొండచిలువ తోక మొదలయ్యే చోట ఇరుపక్కలా చిన్న కొక్కెముల వంటి గోళ్ళుంటవి. వాటి వెనుక, కండరాలలో, చిక్కిపోయిన తొడ ఎముక, కటి ఎముకల శేషం ఉంటవి. మగవాటికి ఇవి పెద్దవి, జతకట్టే వేళ ఉపయోగపడుతవి. పాముకు ఒకప్పుడు కాళ్ళుండెడివనడానికి ఇది దేహంలోనే దాచుకున్న దస్తావేజు. అర్జెంటీనాలో దొరికి 2006లో ‘నజాష్’ అన్న పేరు పొందిన శిలాజ సర్పానికి వెనుకకాళ్ళు స్పష్టంగానే ఉన్నవి.

నాటి నుండి ఈ విషయం నన్ను విడువలేదు. పదవీ విరమణ తరువాత తీరిక దొరికినది కనుక, కాళ్ళ కథను చదువుకుంటూ వచ్చినాను. చదివినకొద్దీ అది జంతుశాస్త్రంతో పాటు పదశాస్త్రం కూడా అనిపించినది. మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

నాలుగు అంటే గుర్తుకు వచ్చినది. సంస్కృతంలో ‘పాదము’ అన్న మాటకు అడుగు అన్న అర్థంతో పాటు నాలుగవ వంతు అన్న అర్థమూ కలదు. జంతువుకు నాలుగు కాళ్ళు కనుక ఒక కాలు నాలుగింట ఒకటి అయినది. మనం సంతలో అడిగే ‘పావు’ ఈ పాదం నుండి వచ్చినదే. పద్యానికి నాలుగు పాదాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు. మన లెక్కలు, ఛందస్సు, జ్యోతిషం అన్నీ ఒక ఆవు కాళ్ళ మీద నిలబడియున్నవన్న మాట. కాని ఆ నాలుగే ఎందుకు? కీటకానికి ఆరు, సాలీడుకు ఎనిమిది, జెర్రికి లెక్కే లేదు. వెన్నెముక గల జంతువు నేల మీదికి వచ్చినప్పుడు నాలుగే ఎందుకు తెచ్చుకున్నది? సమాధానం నీళ్ళలో ఉన్నది. చేపకు ఈదరెక్కలు అనేకం ఉన్నా జంటలుగా ఉండేవి రెండు జతలే, రొమ్ము దగ్గర ఒక జత, పొట్ట దగ్గర ఒక జత. ఆ రెండు జతలే మన చేతులు, కాళ్ళు అయినవి. ఆవు, కప్ప, కాకి, మనిషి అందరికీ మూలధనం ఇదే.

నమ్మకం కుదరనివారు ఆదివారం వంటింట్లో కోడిరెక్కను పరిశీలించండి. భుజం నుండి ఒక ఎముక, దాని తరువాత జంటగా రెండు ఎముకలు, ఆ పైన చిన్నచిన్న ఎముకలు, చివరకు కురచబారి అతుక్కుపోయిన వేళ్ళు. మీ చేతిని తడిమి చూచుకోండి. దండచేతిలో ఒకటి, ముంజేతిలో రెండు, మణికట్టులో అనేకం, ఆ పైన వేళ్ళు. గబ్బిలం రెక్కలోనూ, కప్ప కాలిలోనూ, తిమింగలం తెడ్డులోనూ ఇదే వరుస. గుర్రం ఒక్క వేలి గోరు మీద నిలబడుతుంది, ఎద్దు రెండు వేళ్ళ మీద. గోళ్ళ తీరు మారినది, వేళ్ళ లెక్క తగ్గినది, వరుస మాత్రం మారలేదు. వేర్వేరు వృత్తాలలో వ్రాసినా గణాల మూలం ఒకటే అయినట్లు.

ఇక్కడ మా ప్రాంతపు పాఠకులకు ఒక సందేహం రావచ్చును. “నీళ్ళ నుండి నేలకు వచ్చే చేపలు మన చెరువులలోనే ఉన్నవి కదా?” అని. ఉన్నవి. కొర్రమీను, మా వైపు కొర్రమట్ట అంటారు, నీటి పైకి వచ్చి గాలి మింగకపోతే చచ్చిపోతుంది. చెరువు ఎండితే బురదలో దాగి వానకోసం ఎదురుచూస్తుంది. మార్పు చేప వాన కురిసిన రాత్రి ఒక మడుగు విడిచి గడ్డి మీద పాకుతూ మరొక మడుగుకు పోతుంది. ‘మార్పు’ అన్న పేరు దానికెట్లా వచ్చినదో గాని, ఈ వ్యాసానికి మాత్రం బాగా అతికినది. అయినా ఈ రెండూ మన పూర్వీకులు కావు, వారి దగ్గరి బంధువులూ కావు. వీటి ఈదరెక్క విసనకర్ర వంటిది, సన్నని పుల్లల మీద పరచిన పొర. గాలి పీల్చే అర కూడా మొప్పల పైన విడిగా తయారుచేసుకున్నదే. ఒకే అవసరం వేర్వేరు ఇండ్లలో వేర్వేరుగా తీరినదనడానికి ఇవి సాక్ష్యం. మన వంశం మరొక రకం చేపలది. వాటి ఈదరెక్క మొదట్లో కండ ఉంటుంది, ఆ కండలో ఎముక ఉంటుంది. ఊపిరితిత్తులు కూడా వాటికి కాళ్ళకంటె ముందే ఉన్నవి. అనగా గాలి పీల్చడం ముందు, నడవడం తరువాత.

ఆ వంశపు చేపలలో నేడు బ్రతికియున్నవి రెండే శాఖలు. ఒకటి సీలకాంత్. డైనోసార్లతోపాటే అంతరించిపోయినదని అందరూ అనుకుంటుండగా 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కినది. రెండవది ఊపిరితిత్తుల చేప. ఇది ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలలో ఉన్నది. జన్యువులను పోల్చి చూచినవారు ఈ రెండింటిలో ఊపిరితిత్తుల చేపయే మనకు మరింత దగ్గరి చుట్టమని తేల్చినారు. చెరువులోని కొర్రమట్టకు ఈ చేప ఎంత దూరమో చెప్పాలంటే, కొర్రమట్టకంటె మనిషే దీనికి దగ్గర.

మరి చేప ఈదరెక్క కాలైన ఘట్టం ఎక్కడ జరిగినది? సుమారు 38 కోట్ల సంవత్సరాల నాటి డెవోనియన్ యుగపు రాళ్ళలో దాని ఆనవాళ్ళున్నవి. కెనడా ఉత్తరాన, మంచు కప్పిన ఎల్స్‌మియర్ దీవిలో 2004లో ఒక శిలాజం దొరికినది. 2006లో దానికి ‘టిక్టాలిక్’ అని పేరు పెట్టినారు. వయస్సు సుమారు 37.5 కోట్ల సంవత్సరాలు. చేపవలె పొలుసులు, ఈదరెక్కలు ఉన్నవి. కాని తల మొసలి తలవలె చదునుగా ఉండి, కళ్ళు నడినెత్తి మీద ఉన్నవి. చేపకు లేని మెడ ఉన్నది. ఈదరెక్క లోపల ఒకటి, రెండు, అనేకం అన్న వరుసలో ఎముకలు, మణికట్టు వంటి కీలు ఉన్నవి. ఒడ్డునున్న లోతులేని నీటిలో ముందరి ఈదరెక్కలు ఊది తల ఎత్తగలిగిన చేప అది. ఆ పేరును ఎంపిక చేసినవారు అక్కడి ఇన్యూట్ తెగ పెద్దలు. వారి భాషలో పెద్ద మంచినీటి చేప అని అర్థం. దొరికిన గడ్డ మీది మాటనే దానికి పెట్టడం నాకు ఎంతో నచ్చినది.

దాని తరువాతి కాలానికి చెందిన ఆకాంథోస్టెగా, ఇక్తియోస్టెగా అనేవి గ్రీన్లాండులో దొరికినవి. వీటికి ఈదరెక్కలు పోయి వేళ్ళు వచ్చినవి. అయితే ఎన్ని వేళ్ళు? చేతికి మన నిఘంటువు ‘పంచశాఖము’ అని పేరు పెట్టినది. ఆకాంథోస్టెగా చేయి అష్టశాఖము, ఎనిమిది వేళ్ళు! ఇక్తియోస్టెగా కాలికి ఏడు. ఐదన్నది ఆది నుండి ఉన్న సంఖ్య కాదు, తరువాత స్థిరపడిన సంఖ్య. ఇంతకంటె వింత, ఆకాంథోస్టెగాకు కాళ్ళతో పాటు లోపలి మొప్పలు, ఈదడానికి వెడల్పాటి తోక ఉన్నవి. అది నేల మీద నడిచేందుకు తగిన జంతువు కాదు. అనగా కాళ్ళు నేల కోసం పుట్టలేదు. నీటి మొక్కల నడుమ, బురద అడుగున తోసుకుంటూ పోవడానికి నీళ్ళలోనే పుట్టినవి. నేల మీది నడక వాటికి తరువాత దొరికిన ఉద్యోగం. పోలండులో 2010లో ప్రకటించిన అడుగుజాడలు టిక్టాలిక్ కంటె ఇంకా ముందటి కాలానివి. కనుక టిక్టాలిక్ మన తాత అనడం కంటె, తాత అన్నదమ్ములలో ఒకడనడం సబబు.

నీళ్ళు విడిచిన తరువాత కూడా నీళ్ళ ఋణం తీరలేదు. కప్ప నేటికీ గుడ్లు పెట్టడానికి నీటి వద్దకే పోతుంది. నీటిని నిజంగా విడువగలిగినవి గుడ్డులో, గర్భంలో పొర కట్టుకొని, ఆ పొర లోపల నీటిని దాచుకున్నవే. మన పెద్దలు ప్రాణులను పుట్టుకను బట్టి అండజములు, జరాయుజములు మొదలుగా విభజించినారు. జరాయువు అంటే గర్భాన్ని కప్పిన మావి. పల్లెల్లో మంత్రసానులు ‘ఉమ్మనీరు’ అన్న మాట వాడుతారు. చెరువును విడిచి వచ్చిన వంశం చెరువును కడుపులో పెట్టుకొని తిరుగుతున్నది. ఉమ్మనీరు అంటే అదే.

ఇదంతా గ్రీన్లాండు, కెనడాల ముచ్చట, మనకేమి సంబంధమని అడగవచ్చును. మన దగ్గర కాళ్ళు పుట్టిన నాటి శిలాజాలు లేవు. కాని కాళ్ళు పుట్టిన తరువాత ఆ వంశం ఎట్లా విస్తరించినదో చూపే పుస్తకం మన గోదావరి లోయలోనే తెరచియున్నది. ఏన్కూరు నుండి ఇల్లెందు ఎంతో దూరం కాదు. అక్కడ 1871లో విలియం కింగ్ అన్న భూగర్భశాస్త్రవేత్త బొగ్గు కనిపెట్టినాడు. సింగరేణి కథ అక్కడ మొదలు. ఆ బొగ్గు పెర్మియన్ యుగపు అడవుల అవశేషం. ఆ రాతిపొరల పట్టీ వెంబడి గోదావరిలోయలో వాయవ్యంగా పోతే, ప్రాణహిత కలిసే చోటు దాటి పాత ఆదిలాబాదు జిల్లాలో బొగ్గుకంటె చిన్నవైన పొరలు బయటపడుతవి. ఎర్రమట్టి రాళ్ళు, ఇసుకరాళ్ళు, సున్నపురాళ్ళు. వాటిలో ఎముకలు.

మలేరి దగ్గరి రాళ్ళు సుమారు 22 కోట్ల సంవత్సరాల నాటివి. అక్కడ దొరికిన చేప పళ్ళకు 1859లో థామస్ ఓల్డ్‌హామ్ ‘సెరాటోడస్’ ప్రజాతి కింద పేర్లు పెట్టినాడు. అవి ఊపిరితిత్తుల చేప పళ్ళు. ఒక జాతికి నాగపూరులో ఉండి శిలాజాలు సేకరించిన మతప్రచారకుడు స్టీఫెన్ హిస్లాప్ పేరు పెట్టినారు. మరొక జాతి పేరు ‘విరప’. ఆ పేరు చదివిన తెలుగువానికి ఏ వీరప్పో గుర్తుకు రాక మానడు. ఆ పళ్ళకు పేర్లు పెట్టేనాటికి అటువంటి చేప ఆస్ట్రేలియాలో బ్రతికియున్నదని శాస్త్రలోకానికి తెలియదు. 1870లో గాని తెలియలేదు. తెలిసినప్పుడు ఆ బ్రతికియున్న చేపకు ‘సెరాటోడస్’ అన్న శిలాజం పేరే మొదట పెట్టినారు. రెండవ చుట్టమైన సీలకాంత్ కూడా ఇక్కడ లేకపోలేదు. ప్రాణహిత ఒడ్డున సిరొంచ దగ్గరి కోట గ్రామం పేరు మీద పిలిచే జురాసిక్ పొరలలో దొరికినదానికి 1974లో ‘ఇండోసీలకాంతస్’ అని పేరు పెట్టినారు. మనిషికి దగ్గరి చేప బంధువులిద్దరూ గోదావరి తల్లి ఒడిలోనే ఉన్నారు.

చేపల పక్కనే కాళ్ళ సంతతి. మలేరి రాళ్ళలో మొసలి వలె చదును తల గల పెద్ద ఉభయచరాలున్నవి. పారాసుకస్ అనే మొసలి వంటి జంతువుల అస్థిపంజరాలు రెండు దొరికినవి. వాటి కడుపు భాగంలో మలేరిసారస్ అనే మరొక సరీసృపపు అస్థిపంజరాలు బయటపడినవి. తిన్నవాడు, తినబడినవాడు ఒకే రాతిలో. ఎర్రపల్లి పొరలలో దొరికినదానికి ‘యారాసుకస్’ అని పేరు. ఎర్ర మొసలి అన్న మాట. రేచ్ని గ్రామం పేరిట రేచ్నిసారస్, జక్లపల్లి పేరిట జక్లపల్లిసారస్, నంబాల పేరిట నంబాలియా, ధర్మారం పేరిట లాంప్లూసారా ధర్మారమెన్సిస్, యామనపల్లి పేరిట కోటాసారస్ యామనపల్లియెన్సిస్, రెబ్బెన పేరిట భారతగామ రెబ్బనెన్సిస్ అనే బల్లి. మన పల్లెల పేర్లు లాటిన్ విభక్తులు తగిలించుకొని ప్రపంచ గ్రంథాలయాలలో కూర్చున్నవి.

ఈ పనిలో ఎక్కువ భాగం కలకత్తాలోని భారత గణాంక సంస్థది. 1950ల చివర మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుండి పమేలా రాబిన్సన్ వచ్చి ఆ బృందాన్ని తయారుచేసినారు. లాంప్లూసారా అన్నది ఆమె పేరే. అదే సంస్థలో ఉండిన హాల్డేన్ పేరు కోట పొరలలో దొరికిన చిన్న క్షీరదానికి పెట్టినారు, ‘కోటాథీరియం హాల్డేని’ అని. రవీంద్రుని శతజయంతి సంవత్సరం 1961లో సిరొంచ ప్రాంతంలో బయటపడిన మహాకాయానికి తరువాత ‘బరాపాసారస్ టాగోరై’ అన్నారు. బెంగాలీలో ‘బరా పా’ అంటే పెద్ద కాలు. దాని తొడ ఎముక ఒకటి మనిషి నిలువంత. కొండచిలువలో గోరంతగా మిగిలిన ఎముకయే ఇది. కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్సు కేంద్రంలో నిలబెట్టినారు. పిల్లలను తీసుకొనిపోయినవారు తలవైపే గాక ముందరి కాళ్ళవైపు కూడా చూపించండి. ఒకటి, రెండు, అనేకం.

ఇక మాట దగ్గరికి వస్తాను. ఈ వంశమంతటినీ శాస్త్రం ‘టెట్రాపోడా’ అన్నది, మన పుస్తకాలు చతుష్పాదులన్నవి. వినగానే విద్యార్థి అడుగుతాడు. పాముకు కాళ్ళు లేవు, పక్షికి రెండే, మనిషికి రెండే, తిమింగలం సముద్రంలో ఉన్నది, ఇవన్నీ చతుష్పాదులెట్లా? ప్రశ్న న్యాయమైనదే. సమాధానం మన ఇంటిపేర్లలో ఉన్నది. తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్లే. ఆ ఊరు విడిచి పది తరాలైనా, అక్కడ సెంటు భూమి లేకున్నా, ఇంటిపేరు మాసిపోదు. అది నీవెక్కడ ఉన్నావో చెప్పదు, ఎక్కడి నుండి వచ్చినావో చెబుతుంది. చతుష్పాది అన్నది లక్షణం కాదు, ఇంటిపేరు. పాము కాళ్ళు అమ్ముకున్నది, పక్షి ముందరి జతను రెక్కలుగా మార్పించుకున్నది, తిమింగలం పుట్టింటికి తిరిగిపోయినది. తిమింగలాల వంశానికి దగ్గరి బంధువైన ‘ఇండోహయస్’ పిల్లియంత కాళ్ళ జంతువు. కాశ్మీరు కాలాకోట్‌లో రంగారావు గారు సేకరించి దాచిన రాళ్ళ నుండి దాని సంగతి 2007లో తేటపడినది. ఎవరు ఎక్కడికి పోయినా ఇంటిపేరు ఒకటే. ఈ దృష్టితో చూస్తే ఉరగమూ సాధువే, పన్నగమూ సాధువే, గూఢపాత్తు మాత్రం వంశావళి తెలిసిన మాట.

మరొక మాట చెప్పక తప్పదు. మత్స్యం, కూర్మం, వరాహం అని దశావతారాలను వరుసపెట్టి పరిణామవాదం మనకు ముందే తెలుసుననేవారు పెక్కుమంది. పురాణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక నాకు పురాణం మీద గౌరవం తక్కువ కాదు. కాని మత్స్యావతారం ఎత్తినది భగవంతుడు, ధర్మరక్షణ కోసం. టిక్టాలిక్ ఎవరినీ రక్షించడానికి రాలేదు, తల ఎత్తి ఊపిరి పీల్చుకోవడానికి వచ్చినది. రెండు కథలూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. పురాణానికి రాళ్ళ సాక్ష్యం అక్కరలేదు, రాళ్ళకు పురాణం పూచీకత్తు అక్కరలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుండి పరిణామం పాఠాన్ని తొలగించిన సంగతి బయటికి వచ్చినప్పుడు, 1800కు పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు ఆ పాఠాన్ని తిరిగి చేర్చమని లేఖ వ్రాసినారు. భారం తగ్గించడానికి తీసివేసినామన్నారు. పదకొండులో జీవశాస్త్రం తీసుకున్నవారు పన్నెండులో చదువుకుంటారట. మరి తీసుకోనివారు? పదితో చదువు ఆపి పత్తికో, మిరపకో పోయేవారు? కొండచిలువ గోళ్ళు చూచి వచ్చిన ఆ గూడెం పిల్లవాని వంటివారికే గదా ఈ పాఠం ముందు కావలసినది. వాడి కన్ను చూచినదానికి ఒక కథ ఉన్నదని, ఆ కథలో వాడూ, కొండచిలువా, గోదావరి ఒడ్డున రాయైన చేపా ఒకే ఇంటిపేరు వారని చెప్పడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఒక కోడిరెక్క చాలును, ఒక సామెత చాలును, చెప్పే మాస్టారు ఉంటే చాలును.

చదువరులలో మంచిర్యాల, బెల్లంపల్లి, కాళేశ్వరం వైపు వారున్నట్లయితే, మీ ఊళ్ళలో రాయైన ఎముకలను ఏమని పిలిచెడివారో వ్రాయగోరుతాను. మార్పు చేపకు మీ ప్రాంతంలో మరేదైనా పేరుంటే అదీ తెలుపండి. శాస్త్రానికి లాటిన్ పేర్లు వచ్చినవి, మన మాటలు మనం పోగుచేసుకోవాలి.